సింకు దగ్గర మొదలుపెట్టండి: చిన్నపిల్లలకి ఇంటిపనుల్లో స్పానిష్

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి నాలుగేళ్ళు, పాపకి రెండున్నర. డాలస్ శివారులో ఉంటున్నారు. మీ ఇద్దరికీ స్పానిష్ రాదు. ఆరు నెలలుగా ఆప్‌లు, వీడియోలు పెడుతుంటే బాబు రంగులూ అంకెలూ గడగడా అప్పజెప్తున్నాడు గానీ, పార్కులో ఒక పిల్లాడు వచ్చి స్పానిష్‌లో పలకరిస్తే బిక్కమొహం వేశాడు. మీ అత్తయ్యగారేమో మూడో భాష నెత్తిన పెడితే ఉన్న తెలుగు కాస్తా పోతుందనీ, పాపకి మాటలు ఆలస్యమవుతాయనీ భయపడుతున్నారు. క్లాసులకి తిప్పకుండా, ఇంట్లో పనులు చేసుకుంటూనే నేర్పే దారి ఉందా అని అడిగారు.

ఉంది. నేను 14 ఏళ్ళుగా టెక్సాస్‌లోనే ఒక ప్రీస్కూల్లో పనిచేస్తున్నాను. మూడు, నాలుగేళ్ళ పిల్లల గది నాది. నాతో పనిచేసిన టీచర్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. నా స్పానిష్ పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. పిల్లలకి తినిపిస్తూ, మూతులు తుడుస్తూ, బూట్లు తొడుగుతూ వాళ్ళు మాట్లాడేది విని నేర్చుకున్నది. మా ఇద్దరు పిల్లలు కూడా తెలుగు, ఇంగ్లీషు, స్పానిష్ మూడూ మాట్లాడతారు. కాబట్టి చూసిందే చెప్తున్నాను.

మీ బాబుకి జరిగిందే మా పెద్దవాడికీ జరిగింది. వాడికి మూడున్నరేళ్ళప్పుడు నేను కార్డులు కొని, రోజూ పావుగంట కూర్చోబెట్టి మాటలు నేర్పాను. యాభై మాటలు వచ్చాయి. ఒకరోజు ఎండలో సైకిల్ తొక్కి తొక్కి వస్తే, పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి "కియెరెస్ ఆగ్వా?" అంది. నీళ్ళు కావాలా అని. వాడికి ఆగ్వా అనే మాట తెలుసు. అయినా ఆవిడ వంక చూస్తూ నిలబడిపోయాడు, తర్వాత నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి "అమ్మా, మంచినీళ్ళు" అన్నాడు. వాడికి ఆగ్వా అంటే కార్డు మీద ఉన్న నీలం గ్లాసు బొమ్మ. దాహం వేసినప్పుడు ఆ మాట ఎప్పుడూ వాడి చెవిన పడలేదు. నేను నేర్పిన యాభై మాటల్లో ఒక్కదానికీ ఆకలీ దాహమూ చలీ ఏవీ అంటుకుని లేవు. ఆ రోజు నుంచి కార్డులు పక్కన పెట్టేశాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకి నాలుగు వారాల్లో 12 సార్లు చైనా మాండరిన్ వినిపించారు. కొందరికి మనుషులే ఎదురుగా కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడారు. కొందరికి అదే మాటలు వీడియోలో చూపించారు, ఇంకొందరికి ఆడియో మాత్రమే పెట్టారు. మనిషి దగ్గర విన్న పిల్లలు మాండరిన్ శబ్దాల్లో తేడా పట్టుకున్నారు. వీడియో, ఆడియో పిల్లలకి ఏమీ అబ్బలేదు. మీ పిల్లలు అంతకన్నా పెద్దవాళ్ళు కాబట్టి వీడియోలోంచి నాలుగు మాటలు పట్టుకోగలరు, పట్టుకున్నారు కూడా. కానీ జవాబు చెప్పే అలవాటు మనిషి మొహం చూస్తేనే వస్తుంది. మీకు స్పానిష్ రాకపోయినా, ఆ మొదటి మనిషి మీరే కావచ్చు. దానికి నలభై వాక్యాలు చాలు, అవీ ఒకేసారి అక్కర్లేదు.

మొదట చేతులు కడుక్కోవడంతో మొదలుపెట్టండి. రోజుకి ఐదారుసార్లు జరిగే పని, ప్రతిసారీ అదే వరస, మాటలకి కావలసిన వస్తువులన్నీ కళ్ళముందే ఉంటాయి. ఇంతకన్నా మంచి పాఠం నేను చూడలేదు.

స్టూల్ ఎక్కగానే "లావతె లాస్ మానోస్" అనండి, చేతులు కడుక్కో అని. "ఆబ్రె లా యావె" అంటే కొళాయి తిప్పు. మెక్సికో వాళ్ళు తాళంచెవినీ కొళాయినీ కూడా యావె అనే అంటారు. నీళ్ళ కింద చెయ్యి పెట్టగానే "ఎస్తా ఫ్రీయా", చల్లగా ఉంది. వేడిగా ఉంటే "ఎస్తా కాల్యెంతె". సబ్బు చేతిలో పెడుతూ "హబోన్". రుద్దుతున్నంతసేపూ "ఫ్రోతా, ఫ్రోతా, ఫ్రోతా" అని మీరూ వాళ్ళతోపాటు రుద్దండి. "సియెర్రా లా యావె" అంటే కట్టెయ్. "సేకతె లాస్ మానోస్" అంటే తుడుచుకో. చివర బాబుకైతే "లీస్తో", పాపకైతే "లీస్తా", అంటే అయిపోయింది, రెడీ అని.

ఇందులో తెలుగు అర్థం మీరు చెప్పనక్కర్లేదు, చెప్పొద్దు కూడా. చెయ్యి కొళాయి మీద ఉండగా వచ్చిన మాటకి అర్థం చెయ్యే చెప్తుంది. ఒక్కసారి తెలుగులో చెప్పడం మొదలుపెడితే పిల్లలు స్పానిష్ మాట వదిలేసి తెలుగు మాట కోసం ఎదురుచూస్తారు. తెలివైన పిల్లలే అలా చేస్తారు, తప్పు వాళ్ళది కాదు.

మొదటివారం వాళ్ళు మీ మొహం వింతగా చూస్తారు. రెండోవారం మీరు "ఆబ్రె" అనేలోపే చెయ్యి కొళాయి మీదికి వెళ్తుంది. అప్పుడు ఒక పని చేయండి. "ఆబ్రె లా..." అని ఆగిపోండి. కనుబొమలెత్తి చూస్తూ, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా నోరు మెదపకండి. చాలామంది తల్లిదండ్రులు ఈ ఐదు సెకన్లు ఆగలేరు, మాట తామే అందించేస్తారు. ఆగితే మాత్రం మూడోరోజో నాలుగోరోజో "యావె!" అని వస్తుంది. అది అప్పజెప్పిన మాట కాదు, నీళ్ళు రావాలని అన్న మాట.

మా గదిలో రెండేళ్ళ పది నెలల పాప ఒకతె ఉండేది. ఇంట్లో స్పానిష్ లేదు. రెండు నెలలు సింకు దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం బొమ్మల మూల నుంచి గొణుగుడు వినిపిస్తే చూశాను. ఖాళీ గిన్నెలో బొమ్మ చేతులు పెట్టి, ముఖం సీరియస్‌గా పెట్టుకుని, "ఫ్రోతా, ఫ్రోతా" అంటూ రుద్దుతోంది. తర్వాత బొమ్మని ఎత్తి పట్టుకుని "లీస్తా" అంది. నిశ్శబ్దంగా ఉన్న పిల్లలు నేర్చుకోవడం లేదని నేను ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు. మీ పాప కూడా కొన్ని నెలలు వినడమే తప్ప అనకపోవచ్చు. కంగారు పడకండి.

ఒక్క పనిని మూడు వారాలు నడిపాకే రెండోదానికి వెళ్ళండి. మా ఇంట్లో రెండోది బట్టలు వేసుకోవడం, మూడోది తిండి. బట్టల దగ్గర అసలు కిటుకు ఏమిటంటే రెండు చొక్కాలు రెండు చేతుల్లో పట్టుకుని అడగడం. "కువాల్ కియెరెస్? లా రోహా ఓ లా బెర్దె?" ఏది కావాలి, ఎర్రదా ఆకుపచ్చదా? ఇప్పుడు రంగుకి పని దొరికింది. మీ బాబుకి రంగుల పేర్లు వచ్చు కదా, ఇక్కడ వాడనివ్వండి. బయటికి వెళ్ళేముందు "పోంతె లోస్ సపాతోస్", బూట్లు వేసుకో. తలుపు తీస్తూ "బామొనోస్", పదండి వెళ్దాం.

ఇక ఉచ్చారణ గురించి. మాకు స్పానిష్ రాదు, తప్పుగా నేర్పుతామేమో అని రాశారు. ఈ విషయంలో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన తల్లిదండ్రులకన్నా మీరు ఎంతో ముందున్నారు. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. దాదాపు ఎక్కడ రాసినా అలాగే పలుకుతాయి, ఇంగ్లీషులోలాగా వేషాలు మార్చవు. మన త, ద, ప, క ఉన్నవి ఉన్నట్టు సరిపోతాయి. ఇంగ్లీషు అలవాటు మీద మనం టాకో అంటాం గానీ వాళ్ళది తాకో. టమోటా కాదు, తొమాతె. వాళ్ళకి రెండు రకాల ర ఉంది. "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. ఆ రెండో ర నాలుక గట్టిగా ఆడించి పలికేది. అమెరికన్ టీచర్లు ఏళ్ళ తరబడి తంటాలు పడతారు, మనకి "గుర్రం" అనగలిగితే చాలు. హెచ్ అక్షరం పలకదు, అందుకే హోలా కాదు, ఓలా. జె అక్షరం హ అవుతుంది. రెండు ఎల్‌లు వస్తే మెక్సికోలో య అంటారు. బి, వి అక్షరాలు రెండూ ఒకటే శబ్దం: మాట మొదట్లో బ, మధ్యలో మన వకి దగ్గరగా ఉంటుంది.

కాస్త జాగ్రత్త పడాల్సింది ఊనిక దగ్గర, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్న దగ్గర. "పాపా" అని మొదటి అక్షరం ఊనితే బంగాళాదుంప, "పపా" అని రెండోది ఊనితే నాన్న. మీ ఆఫీసులోనో వీధిలోనో స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళని అడిగి, మీరు వాడబోయే ఆరేడు వాక్యాలు ఫోన్లో రికార్డు చేయించుకోండి. ఆ ఆడియో మీకోసం, పిల్లలకోసం కాదు. కారులో ఆఫీసుకి వెళ్తూ నాలుగురోజులు వినండి, చాలు.

ఉచ్చారణే కాదు, వాక్యంలో కూడా మనకి చుట్టరికం ఉంది. ఇది నేను ఐదారేళ్ళు మాట్లాడాక గానీ గమనించలేదు. "మె గుస్తా ఎల్ మాంగో" అంటారు. ఇంగ్లీషులో అయితే 'నేను' అనే మాటతో మొదలుపెట్టాలి. స్పానిష్‌లో అది అచ్చంగా "నాకు మామిడిపండు ఇష్టం" అన్నట్టే ఉంటుంది. "మె దుఎలె లా పాన్సా" అంటే నాకు పొట్ట నొప్పెడుతోంది. "మె తోకా" అంటే నా వంతు, "తె తోకా" అంటే నీ వంతు. మనం "వచ్చాను" అంటే 'నేను' అనక్కర్లేనట్టే, వాళ్ళూ "కియెరో" అంటే చాలు, కావాలన్నది నేనే అని క్రియలోనే తెలుస్తుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: తూ, ఉస్తేద్. తెలుగు బాగా వచ్చిన పిల్లలకి ఇవన్నీ ముందే తెలిసిన దార్లు. మీ అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పండి. మనవడి తెలుగు గట్టిగా ఉంటే స్పానిష్ ఎక్కడం తేలిక.

మాటల చుట్టరికం మీ బాబుకి నచ్చుతుంది. నారింజ వాళ్ళకి నరాంహా. మన సంస్కృతం నారంగమే పారశీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ దాకా వెళ్ళింది. చక్కెర, వాళ్ళ అసూకర్ రెండింటి వెనకా శర్కరే ఉంది. తువాలు మనకి పోర్చుగీసువాళ్ళు ఇచ్చింది, స్పానిష్‌లో తోఆయా. సపోటా మెక్సికోలో చికోసపోతె, అసలు అక్కడి నావాటిల్ భాష మాట. చింతపండుని తమరీందో అంటారు, అరబ్బులు దాన్ని 'హింద్ ఖర్జూరం' అని పిలిచిన పేరులోంచి వచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది చూడండి: సియేతె, ఓచో, నుఎవె, దియేస్. సప్త, అష్ట, నవ, దశ పక్కన పెట్టుకుంటే పోలిక దొరుకుతుంది. నాయనమ్మగారికి ఇవి బాగా పట్టుబడతాయి. మనవడూ ఆవిడా కలిసి వంటింట్లో చుట్టాల మాటలు వెతుక్కుంటే రెండు భాషలూ ఒక్కచోట పెరుగుతాయి.

తిండి దగ్గర మూడు వాక్యాలే నేర్పండి. "కియెరెస్ మాస్?" ఇంకా కావాలా? "సీ, కియెరో మాస్", ఆఁ, ఇంకా కావాలి. "యా నో, గ్రాసియాస్", ఇంక చాలు. కొంచెం కొంచెంగా వడ్డించండి, అప్పుడు అడగాల్సిన అవసరం పదిసార్లు వస్తుంది. ఒకేసారి కంచం నింపేస్తే మాట్లాడే అవసరం పోతుంది. పిల్లలు "అమ్మా, మాస్ అన్నం కావాలి" అంటారు. అది కలగాపులగం కాదు, చేతికందిన మాటని వాడుకోవడం. దిద్దొద్దు. "మాస్ అర్రోస్? సీ!" అని నవ్వుతూ వడ్డించండి. సరైన మాట అన్నంతోపాటు అందింది.

మీరున్న ఊళ్ళో ఇంటి బయట కూడా స్పానిష్ ఎదురవుతూనే ఉంటుంది. టెక్సాస్ జనాభాలో ఇంచుమించు 40 శాతం హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు. వాళ్ళందరికీ స్పానిష్ వస్తుందని కాదు, కానీ వినిపించని వీధి అరుదు. కొత్తిమీరకో మేకమాంసానికో మెక్సికన్ కొట్టుకి ఎలాగూ వెళ్తూనే ఉంటారు కదా. పిల్లల్ని తీసుకెళ్ళండి. మెక్సికన్ రొట్టెల కొట్టుని పనదెరియా అంటారు. చాలా కొట్లలో తలుపు దగ్గర గుండ్రటి పళ్ళెం, పట్టకారు ఉంటాయి. పళ్ళేన్ని చరోలా, పట్టకారుని పీన్సాస్ అంటారు. అద్దాల అరల్లోంచి ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకోవాలి. పైన గవ్వ గీతల్లా చక్కెర పూత ఉండే మెత్తటి తీపి రొట్టె కోంచా, అంటే గవ్వ అనే అర్థం. గులాబీ రంగు, పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి.

మా చిన్నదాన్ని శనివారాలు అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. కొట్టు బయటే ఒక్క వాక్యం అనుకునేవాళ్ళం: "ఉనా కోంచా, పోర్ ఫావోర్." మొదటి రెండు వారాలు నా వెనక దాక్కుంది, నేనే అడిగాను. మూడోవారం కౌంటర్ దగ్గర ఆవిడ వంగి, "దె కె కొలోర్, మీహా?" అంది. ఏ రంగుది తల్లీ అని. నేను పెదవి కదపలేదు. "రోసా" అంది మా అమ్మాయి, చెప్పీ చెప్పనట్టు. ఆవిడ గులాబీ రంగు కోంచా కాగితం సంచిలో వేసి దాని చేతికే ఇచ్చింది. ఒక్క మాటకి ఒక తీపి రొట్టె రావడం ఆ వయసు పిల్లకి ఎంత పెద్ద సంగతో ఆ మొహంలో చూశాను. ఇంటికి వచ్చేదాకా కారులో "రోసా, రోసా" అంటూనే ఉంది.

ఆటల్లో మెక్సికోవాళ్ళ లొతెరియాకి సాటి లేదు. మన తంబోలా లాంటిదే, అంకెలకి బదులు బొమ్మలు. మొత్తం 54 కార్డులు, ఒక్కొక్కరి ముందు 16 బొమ్మల అట్ట. మొదటి కార్డు ఎల్ గాయో, కోడిపుంజు. ఎల్ సోల్ సూర్యుడు, లా లూనా చంద్రుడు, లా రానా కప్ప, ఎల్ పెస్కాదో చేప. ఒకరు కార్డు తీసి పేరు పిలుస్తారు, తమ అట్ట మీద ఉన్నవాళ్ళు దాని మీద చిక్కుడు గింజ పెడతారు. మీ ఇంట్లో రాజ్మా గింజలు ఉంటాయి, అవి చాలు. మీ పాప నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి దానికి గింజలకి బదులు పెద్ద మూతలు ఇవ్వండి. మృత్యువు, దయ్యం, తాగుబోతు కార్డులు కూడా పెట్టెలో ఉంటాయి, నేనైతే చిన్నపిల్లలతో ఆడేటప్పుడు తీసేస్తాను. మొదట మీరు పిలవండి, పది ఆటలయ్యాక బాబుని పిలవనివ్వండి. పిలిచేవాడికి గొప్ప హోదా కదా, అందుకోసమైనా పేర్లు నేర్చేసుకుంటాడు. కార్డు పిలవగానే అందరూ వెతుకుతారు, అందువల్ల తప్పుగా పలికితే ఎవరికీ దొరకదు, వాడే మళ్ళీ సరిచేసుకుని అంటాడు. మీరు దిద్దే పనే ఉండదు.

ఇప్పుడు అత్తయ్యగారి భయం. మూడు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. ఒక్కో భాషలో మాటలు విడిగా లెక్కపెడితే ఒక్క భాష పిల్లలకన్నా తక్కువ అనిపించవచ్చు, అన్నీ కలిపి చూస్తే తక్కువేం ఉండవు. నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లలకి అది అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. మీ పాప రెండున్నరేళ్ళకి తెలుగులో రెండేసి మాటలు కలిపి అంటోందా, చెప్పింది అర్థం చేసుకుంటోందా చూడండి. లేదనిపిస్తే భాషలు తగ్గించి చూద్దామని ఆగకండి, డాక్టరుకి చూపించండి.

తెలుగు పోతుందన్న భయం మాత్రం నిజమైనదే. పిల్లల తెలుగు స్పానిష్ వల్ల పోదు, ఇంగ్లీషు వల్ల పోతుంది. కిండర్‌గార్టెన్‌లో చేరిన ఆరు నెలలకే ఇంట్లో ఇంగ్లీషు జవాబులు మొదలవుతాయి. అందుకే నాది ఒక గట్టి మాట: ఏడుపు, జ్వరం, నిద్ర, ఈ మూడు వేళల్లో మీ నోట తెలుగే రావాలి. కథ తెలుగులో, జోల తెలుగులో, బుజ్జగింపు తెలుగులో. మీకు నలభై వాక్యాల స్పానిష్ ఉంటుంది, దానితో బిడ్డని ఓదార్చలేరు, ఓదార్చాలని చూడకండి కూడా. స్పానిష్‌కి దాని చోట్లు దానికి ఇవ్వండి: సింకు, చొక్కా, కంచం, లొతెరియా.

ఓదార్పు స్పానిష్‌లో రావాలంటే అది స్పానిష్ సొంత భాషగా ఉన్నవాళ్ళ దగ్గర నుంచి రావాలి. మా గదిలో ఎవరైనా పడి మోకాలు గీరుకుంటే మెక్సికో టీచరు వచ్చి దాన్ని నిమురుతూ "సానా, సానా, కొలీతా దె రానా" అంటుంది. నయమైపో, నయమైపో, కప్ప తోకా అని. మన ఇళ్ళల్లో నేలని కొట్టి "కొట్టేశాలే, ఏడవకు" అన్నట్టు. కప్పకి తోక ఉండదని అప్పటికే తెలిసిన నాలుగేళ్ళవాళ్ళు ఏడుపు మధ్యలోనే నవ్వేస్తారు.

అందుకని ఒక మనిషిని వెతుక్కోండి. వారానికి రెండు గంటలు చాలు. వీధిలో ఒక అబుఎలా, అంటే అమ్మమ్మో నాయనమ్మో, మీ పిల్లల ఈడు మనవలున్న కుటుంబం, నమ్మకమైన బేబీ సిట్టర్, ఎవరైనా. ఇళ్ళు శుభ్రం చేసేవాళ్ళనీ, తోటపని చేసేవాళ్ళనీ ఆపి "మా పిల్లాడితో స్పానిష్ మాట్లాడండి" అని అడిగేవాళ్ళని చూశాను. దయచేసి అలా చేయకండి. వాళ్ళు పనిలో ఉన్నారు, మన పిల్లల ప్రాక్టీసు వాళ్ళ బాధ్యత కాదు. ముందు పలకరింపు, పండగకి ఒక డబ్బాలో అరిసెలు, వాళ్ళింటి నుంచి తమాలెస్ (మొక్కజొన్న పిండిని పొత్తు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి), అలా స్నేహం కుదిరాక భాష దానంతట అదే వస్తుంది. పెద్దవాళ్ళతో ఉస్తేద్ అనడం పిల్లలకి మొదటి నుంచీ అలవాటు చేయండి. మెక్సికన్ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిలిస్తే పిల్లలు "మాందె?" అని పలుకుతారు, మన "ఆఁ, చెప్పండి" లాగా. మీ బాబు అలా పలికితే ఆ ముసలావిడ కళ్ళు మెరుస్తాయి.

ఇంకొక్కటి, ఇది మన ఇళ్ళల్లో మరీ ఎక్కువ. భోజనాలకి నలుగురూ కూడితే "ఏదీ, అంకుల్‌కి స్పానిష్‌లో అంకెలు చెప్పు నాన్నా" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ అంకుల్‌కి స్పానిష్ రాదని పిల్లాడికి తెలుసు. భాష ఒక అప్పజెప్పుడు పని అయిపోతుంది, టెన్షన్ వచ్చి చేరుతుంది. మా గదిలో నోరు విప్పని పిల్లల్లో కొందరి వెనక ఈ ప్రదర్శనలే ఉన్నాయి. ఎవరైనా అడిగినా మీరే అడ్డుపడి మాట మార్చేయండి.

లైబ్రరీకి వెళ్ళండి, చాలా ఊళ్ళల్లో రెండు భాషల కథల గంట ఉంటుంది, ఖర్చు లేదు. ఏప్రిల్ 30న పిల్లల రోజు, పుస్తకాల రోజు కలిపి జరుపుతారు, 1996లో పాట్ మోరా అనే రచయిత్రి మొదలుపెట్టింది. బడి విషయానికొస్తే, బాబుకి నాలుగేళ్ళు కాబట్టి ఇప్పుడే మీ స్కూల్ డిస్ట్రిక్టులో టూ-వే డ్యూయల్ లాంగ్వేజ్ ప్రోగ్రాం ఉందేమో కనుక్కోండి. స్పానిష్ పిల్లలూ ఇంగ్లీషు పిల్లలూ ఒకే గదిలో రెండు భాషల్లో చదువుకుంటారు. 1963లో మయామీలోని కోరల్ వే స్కూల్లో క్యూబా నుంచి వచ్చిన పిల్లలతో మొదలైన పద్ధతి. మామూలుగా కిండర్‌గార్టెన్‌లోనో ఒకటో తరగతిలోనో చేర్చుకుంటారు, ఆ తర్వాత చోటు దొరకడం కష్టం. చాలాచోట్ల లాటరీ ఉంటుంది, ఫారం గడువు దాటనివ్వకండి.

రేపు పొద్దున చేయాల్సింది మాత్రం ఇంతే. ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో పెద్దగా ఈ వరస రాసి సింకు పక్కన మీ కళ్ళ ఎత్తులో అంటించండి: లావతె లాస్ మానోస్, ఆబ్రె లా యావె, ఎస్తా ఫ్రీయా, హబోన్, ఫ్రోతా ఫ్రోతా, సియెర్రా లా యావె, సేకతె లాస్ మానోస్, లీస్తో, లీస్తా. తడవకుండా పైన టేపు వేయండి. మూడు వారాలు ఇంకేమీ చేర్చకండి. అప్పటికి ఎవరు ఏ మాట ముందు అన్నారో ఇక్కడే రాయండి, రెండో పనికి వాక్యాలు మీ ఇంటికి సరిపోయేలా నేను రాసిస్తాను.